అట్ట టికెట్ల మార్పిడి, మన కృష్ణగిరి రైలు



పోయిన వారం మన గ్రూపులో ఒక సభ్యుడు ఫొటో పెట్టినాడు. కెనడాలో ఉండే మనవడు హాకీ ఆటగాళ్ళ బొమ్మలున్న అట్టముక్కల్ని పేకముక్కల మాదిరి విసనకర్రలాగా పట్టుకొని నిలబడినాడు. కింద ఆయన రాసిన మాట: "వీటికోసం దుడ్లు తగలేస్తా ఉన్నాడు, పక్కింటి పిల్లోనితో ఒకటికొకటి మార్చుకుంటా ఉన్నాడు, దీంట్లో ఏముందో తెలిసినోళ్ళు చెప్పండప్పా." కొందరు నవ్వే బొమ్మలు పెట్టి వదిలేసినారు. నేను వదల్లేదు, ఎందుకంటే నేను కూడా ఆ జాతివాణ్ణే. నా దగ్గరుండేది హాకీ అట్టలు కాదు, రైలు టికెట్లు. వెనకటి అట్ట టికెట్లు. కాస్త పెద్దగానే రాస్తాను, తీరికున్నప్పుడు చదవండి.

ముందు ఆ మనవడి సంగతి చెప్పేస్తాను. వాళ్ళ హాకీ మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు, మంచు మీద ఆడేది. ఈ బొమ్మల అట్టలు పుట్టింది ఆటకోసం కాదు, సిగరెట్లకోసం. అప్పట్లో సిగరెట్ పొట్లాలు మెత్తటి కాగితంతో ఉండేవి, జేబులో నలిగిపోయేవి. నలక్కుండా లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టేవాళ్ళు. ఉత్త అట్ట ఎందుకని దాని మీద బొమ్మ అచ్చేసినారు. బొమ్మలకు వరస నంబర్లు వేసినారు. వరస పూర్తి కావాలంటే ఇంకా సిగరెట్లు కొనాల, లేదంటే పక్కవానితో మార్చుకోవాల. కెనడాలో హాకీ ఆటగాళ్ళ అట్టలు ఇంపీరియల్ టొబాకో వాళ్ళు 1910 నాటికే వేసినారు. తర్వాత సిగరెట్లు పోయి, పిల్లలు తినే బబుల్‌గమ్ వచ్చింది. 1979లో ఓ-పీ-చీ అనే మిఠాయి కంపెనీ వేసిన వేన్ గ్రెట్స్కీ అట్ట ఒకటి, మూల నలక్కుండా ఉండేది, 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి లెక్కలో 27 కోట్ల రూపాయలకు పైన. కాబట్టి మనవణ్ణి తిట్టొద్దని ఆయనకు నా మనవి!

మన పిల్లకాలంలో ఇట్లాంటివి లేవా అంటే, ఉండేవి. అగ్గిపెట్టె బొమ్మలు. శివకాశి నుంచి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనే ఇద్దరు అన్నదమ్ముల వరస వాళ్ళు 1922లో కలకత్తా పోయి, పని నేర్చుకొని వచ్చి, 1923లో అగ్గిపెట్టెల పని మొదలుపెట్టినారు. అదే ఏడు స్వీడన్ వాళ్ళ విమ్‌కో కంపెనీ కూడా మన దేశంలో పుట్టింది. ఆ పోటీలో అగ్గిపెట్టె మీద అచ్చుకాని బొమ్మ లేదు. పులి, నెమలి, తాళంచెవి, ఓడ, దేవుడు, సినిమా నటి. వేప్పనపల్లి వీధుల్లో గీత గీసి, వరసగా పేర్చి, రాయి విసిరి గెలుచుకునేవాళ్ళం. గెలవలేనోడు బేరం పెట్టేవాడు: నీ ఓడకు నా రెండు పులులు.

రెండోది, స్టేషన్లలో బరువు చూసే మిషను. రంగు దీపాలు వెలుగుతా, ఆరుతా, లోపల చక్రాలు తిరుగుతా ఉండేది. నాణెం వేస్తే కిందనుంచి ఒక చిన్న అట్ట పడేది. ఒక పక్క బరువు, జాతకం మాదిరి రెండు ముక్కలు. ఇంకో పక్క సినిమా నటుని బొమ్మ. ఎంజీఆర్ వస్తే ఒక ధర, ముఖం తెలియని హిందీ నటుడొస్తే ఒక ధర. మా నాయన నన్నొకసారే ఎక్కించినాడు. బరువెంతో గుర్తు లేదు. ఆ అట్ట పరిమాణం మాత్రం గుర్తుంది, ఎందుకంటే అది సరిగ్గా రైలు టికెట్టంత ఉండేది. మిషను అట్టకూ రైలు టికెట్టుకూ కొలత ఒకటే.

ఆ కొలతకు ఒక కథ ఉంది. ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్సన్ అని ఒకాయన. చెక్కపని చేసేవాడు, వ్యాపారంలో దివాలా తీసినాడు, బతుకుతెరువుకు న్యూకాజిల్-కార్లైల్ రైల్వేలో మిల్టన్ అనే చిన్న స్టేషనులో పనికి చేరినాడు. 1830లలో మాట ఇది. అప్పుడు టికెట్టు అంటే గుమాస్తా చేత్తో రాసిచ్చే కాగితం. రాసే లోపల రైలు వచ్చేది. రాసిన దానికీ పెట్టెలో ఉన్న దుడ్డుకూ లెక్క తేలేది కాదు. ఎడ్మండ్సన్ చేసిందేమంటే, అట్టను రెండుంపావు అంగుళాల పొడవు, అంగుళంపావుకు కాస్త తక్కువ వెడల్పుతో ముక్కలు కోసి, ఊళ్ళ పేర్లు ముందే అచ్చేసి, వరస నంబరు వేసినాడు. తేదీ కొట్టడానికి ఒక గడియారాల మేస్త్రీ సాయంతో మిషను చేయించినాడు. తర్వాత మాంచెస్టర్-లీడ్స్ రైల్వే పిలిచి పని ఇచ్చింది. మిగతా కంపెనీలు ఆయన పద్ధతి వాడుకోవడానికి మైలుకు ఏడాదికి పది షిల్లింగుల లెక్కన కట్టినాయి. ఆ అట్టముక్క అట్లే సముద్రాలు దాటి, మన రాయపురం, సికిందరాబాదు రైల్వే ప్రెస్సుల దాకా వచ్చింది. నూటయాభై ఏళ్ళు ప్రపంచమంతా అదే కొలత. బ్రిటన్‌లో 1990 ఫిబ్రవరిలో ఆపేసినారు. మన దగ్గర ఇంకా చాలా ఏళ్ళు నడిచింది.

నేను కౌంటరులో కూర్చున్నోణ్ణి కాబట్టి ఈ పద్ధతిలో ఉండే తెలివి ఎంతటిదో నాకు తెలుసు. టికెట్లు నిలువుగా ట్యూబుల్లో పేర్చి ఉంటాయి. ఒక్కో ఊరికి ఒక్కో ట్యూబు. చిన్న నంబరు కింద, పెద్ద నంబరు పైన. కిందనుంచి లాగాల. మిషనులో తోస్తే ఠక్కుమని తేదీ పడతుంది. నంబరు ఒకటి నుంచి మొదలుకాదు, సున్నా నుంచి మొదలవుతుంది. ఎందుకంటారా? 0000 అమ్మేస్తే కింద 0001 కనపడతుంది. అంటే ఒకటి అమ్మినావని అర్థం. 0347 కనపడితే 347 అమ్మినట్టు. కూడికా తీసివేతా అక్కర్లేదు. డ్యూటీ దిగేటప్పుడు ప్రతి ట్యూబుకూ మొదటి నంబరు, ఆఖరి నంబరు పుస్తకంలో రాసి, తేడాను చార్జీతో గుణించి, దుడ్డు లెక్క చూసుకుంటే సరి. ఒక్క టికెట్టు తగ్గినా గుమాస్తా చేతినుంచి కట్టాల. పిల్లోనికి సగం టికెట్టు కావాలంటే అదే అట్టలో మూల ముక్క కోసి, ఆ ముక్కను సాక్ష్యంగా దాచి లెక్కల ఆఫీసుకు పంపాల. ఇప్పటి కంప్యూటరు చేసే పనిని అట్టముక్క, సున్నా కలిసి చేసినాయి.

ఇక్కడ ఒక సందేహం మీకొస్తుంది: మరి వీడి దగ్గర ఇన్ని టికెట్లు ఎట్లా చేరినాయి, ఆఫీసునుంచి ఎత్తుకొచ్చినాడా అని. ట్యూబులో ఉండే టికెట్టు నోటు మాదిరి. దాన్ని ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. ప్రయాణికుల దగ్గర గేటులో వసూలు చేసినవి కట్టకట్టి లెక్కలకు పోతాయి, పరిశీలన అయినాక నాశనం చేస్తారు. నేను కొన్నాను. ఎక్కడ బదిలీ అయితే అక్కడ ప్లాట్‌ఫారం టికెట్టొకటి, పక్క స్టేషనుకు పోయే చిన్న టికెట్టొకటి, సొంత దుడ్డుతో. పోకుండా దాచుకుంటాను. ఇంట్లో ఆమె అడిగేది, రైల్వే ఉద్యోగస్తునికి పాసుండగా టికెట్టెందుకు కొంటావు అని.

ఇందులోనే అసలు విషయం ఉంది. రైలు టికెట్టు మిగలకూడదు అనేది దాని ధర్మం. ఎక్కినోడు దిగినచోట ఇచ్చేయాల. హాకీ అట్ట దాచుకోడానికే పుట్టింది. రైలు టికెట్టు తిరిగి ఇచ్చేయడానికి పుట్టింది. కాబట్టి ఎవరి దగ్గరైనా పాత టికెట్టు మిగిలిందంటే, ఆ ప్రయాణం ఎక్కడో సగంలో ఆగిపోయిందని, లేదా అసలు జరగలేదని అర్థం. గేటులో మనిషి లేని చిన్న స్టేషన్లలో తప్పించుకొని వచ్చినవి కొన్ని.

నా దగ్గరుండిన మొదటి టికెట్టు అట్లాంటిదే. 1970 ప్రాంతం, నాకు పదేళ్ళు. మా చిన్నాయన కోలారు బంగారు గనుల్లో పనిచేసేవాడు. ఒళ్ళు బాగాలేదని కబురొచ్చింది. వేప్పనపల్లినుంచి మనకు దగ్గర రైలు కుప్పమే కదా. నాయన నన్ను తోడు తీసుకొని కుప్పం పోయి, బంగారుపేటకు మూడో తరగతి టికెట్లు కొన్నాడు, ఒకటి నిండు, ఒకటి సగం. బంగారుపేటలో మారి గనుల రైలెక్కాల. ప్లాట్‌ఫారం మీద కూర్చోనుండగా ఎదురు రైలు దిగిన మన ఊరాయన వచ్చి, ఇంక పోయి లాభం లేదు, శవాన్ని లారీలో ఊరికే తెస్తా ఉన్నారు అన్నాడు. నాయన ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి నడక పట్టినాడు. టికెట్టు వాపసు ఇస్తే దుడ్లొస్తాయని ఆయనకు తెలియదు, తెలిసినా ఆరోజు అడిగేవాడు కాదు. నిండు టికెట్టు నా జేబులోనే ఉండిపోయింది.

మీలో చాలామందికి తెలిసిందే, మన ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం. నేను పదకొండో తరగతి దాకా తమిళంలోనే చదివినాను. తెలుగు మాట్లాడేది తప్ప ఒక్క అక్షరం తెలియదు. ఆ టికెట్టు మీద కుప్పం పేరు ఇంగ్లీషులో, హిందీలో, తెలుగులో ఉండేది. స్టేషను పలక మీదా అంతే. నాకు కుప్పం అని తమిళంలో రాయడం వచ్చు. తమిళంలో ప పక్కన ప పెట్టి, మొదటిదాని నెత్తిన చుక్క పెడతాము. తెలుగులో చూస్తే రెండో ప కాళ్ళ కింద వేలాడతా ఉంది! అది వత్తు అని తర్వాత తెలిసింది. చివర మ ఉండాల కదా, లేదు. దాని తావులో గుండ్రటి సున్నా. ఎన్ని దినాలు దాన్నే చూసినానో. తర్వాత గుడుపల్లి పలక చూసినప్పుడు ఇంకో వింత. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. నోటికి తెలుసు, కంటికి తెలియదు. గుడుపల్లి గ వేరు, కుప్పం క వేరు అని ఆ పలక చెప్పింది. పక్కనే బిసానత్తం. అక్కడ బ, ప వేరని తెలిసింది. జోలార్‌పేట నుంచి బెంగళూరు పోయే ఆ లైను 1864 నాటిది. నా తెలుగు బడి అదే. ఉద్యోగంలో చేరినాక సినిమా పోస్టర్లు, తర్వాత వారపత్రికలు, అట్లా కూడబలుక్కొని చదవడం, రాయడం వచ్చింది.

ఇప్పుడు నా తోటి సేకరణదారుని సంగతి. కుప్పం పక్కన పల్లెలో ఉంటాడు, రిటైరైన అయ్యవారు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పేరు రాస్తే నాకు తిట్లు పడతాయి. ఆయనది అగ్గిపెట్టె బొమ్మల పిచ్చి, రైలు టికెట్లు రెండో వరస. రిటైరైనప్పటి నుంచి నెలనెలా రెండో ఆదివారం నేను బస్సెక్కి పోతాను, లేదా ఆయన వస్తాడు. సంచిలో ఆల్బం, భూతద్దం, ఇంట్లోనుంచి పొట్లం కట్టిన నిప్పట్లు. మా మార్పిడికి కొన్ని మర్యాదలున్నాయి. దుడ్డు మాట ఎత్తకూడదు. ఎత్తితే వ్యాపారం అయిపోతుంది, స్నేహం పోతుంది. ఒకటే రెండు ఉంటేనే అడగాల, ఒంటిగా ఉండేదాన్ని అడగడం మర్యాద కాదు. చూపించినదాన్ని వేలితో ముట్టుకోకూడదు, అంచులు పట్టుకోవాల. మూల నలగనిది నలిగినదానికి రెండింతలు. తేదీ స్పష్టంగా పడినది, పడనిదానికి ఒకటిన్నర. పంచ్ రంధ్రం ఉంటే నేను విలువ ఎక్కువంటాను, ప్రయాణం చేసిన గుర్తు కదా. ఆయన తక్కువంటాడు, చిల్లు పడినదాన్ని ఎవరు కావాలంటారు అని. పదేళ్ళుగా ఈ వాదం తేలలేదు.

అట్లాంటి అయ్యవారు ఒకరోజు నా కుప్పం-బంగారుపేట టికెట్టు మీద కన్నేసినాడు. ఒంటిది అని తెలిసీ అడిగినాడు, అంటే మర్యాద దాటినాడు. ఇరవై సినిమా బొమ్మల అగ్గిపెట్టెలు ఇస్తానన్నాడు. కాదన్నాను. ఆ తర్వాత ఆర్నెల్లు నోరెత్తలేదు. తర్వాత ఒకరోజు ఆల్బం తెరవకుండానే అన్నాడు:

"మా నాయన ఆ టికెట్టు మీదనే గనికి పోయినాడప్పా, ఇరవై రెండేళ్ళు. ఆయప్పది ఒక్క వస్తువు ఇంట్లో లేదు. దీపం లేదు, టోపీ లేదు. పోయినప్పుడల్లా టికెట్టు బంగారుపేటలో ఇచ్చేసినాడు. ఇస్తాడు కదా, నిజాయితీ మనిషి."

నేను ఏమనాలో తెలియక, "అయ్యవారూ, నేను అక్షరాలు నేర్చుకున్న టికెట్టు అది" అన్నాను.

"అక్షరాలు వచ్చేసినాయి గదా నీకు, ఇంక టికెట్టెందుకు?" అన్నాడు.

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. మన వేప్పనపల్లి, కుప్పం, గుడుపల్లి పల్లెల్లో ఆ గనుల్లోకి మనిషిని పంపని కుటుంబం తక్కువ. మా చిన్నాయన, ఆయన తండ్రి ఒకే రైల్లో ఎక్కివుంటారు. నా టికెట్టు మా ఇంటిది మాత్రమే కాదని ఆయన మాటతో తెలిసింది. అయినా వెంటనే ఇవ్వలేదు. ఏమిస్తావు అని అడిగినాను. ఆయన సంచి అడుగునుంచి గాజుకాగితంలో చుట్టిన ఒక అట్ట తీసినాడు. మూల ఒకటి విరిగింది, రంగు మాసిపోయింది. పైన ఎస్.ఐ.ఆర్. అని, కింద తిరుపత్తూరు అని ఉంది. తేదీ సగమే పడింది, ఏడు కనపడదు. నేను దాన్ని చూసి కాసేపు మాట్లాడలేకపోయినాను. ఎందుకో తెలియాలంటే మన కృష్ణగిరి రైలు కథ చెప్పాల.

మన పిల్లలకు చెబితే నమ్మరు. కృష్ణగిరికి రైలుండేది! 1876-78 కరువు సేలం జిల్లాను ఎట్లా తినేసిందో పెద్దలు చెప్పింది వినుంటారు. అప్పుడు మనమంతా సేలం జిల్లానే. కరువుకు కారణం గింజలు లేకపోవడం ఒక్కటే కాదు, ఉన్నచోటనుంచి లేనిచోటికి చేర్చే దారి లేకపోవడం కూడా అని తర్వాత వచ్చిన కరువు కమిషన్ తేల్చి, కరువునుంచి కాపాడే రైళ్ళు వేయమంది. ఆ లెక్కలో మనకు రెండు చిన్న రైళ్ళు వచ్చినాయి. ఒకటి తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి, సుమారు 25 మైళ్ళు, 1905లో. ఇంకొకటి మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో. అదే 1913లో హోసూరు దాకా పొడిగించినారు. రెండూ రెండున్నర అడుగుల పట్టాలు. పెద్ద లైను అయిదున్నర అడుగులు. బొమ్మరైలు మాదిరి అనుకోండి. ముందు మద్రాసు రైల్వే నడిపింది. 1908లో కంపెనీలు విడిపోయి, కుప్పం లైను మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకూ, తిరుపత్తూరు వైపు సౌత్ ఇండియన్ రైల్వేకూ పోయినాయి. ఎస్.ఐ.ఆర్. అంటే అదే.

చిన్న పట్టాల్లో ఒక పెద్ద చిక్కు ఉంది. కృష్ణగిరిలో బండికెత్తిన మూట తిరుపత్తూరులో దించి, పెద్ద బండికి మళ్ళీ ఎత్తాల. రెండు కూలీలు, ఒక దినం ఆలస్యం. చింతపండు మూటకు పరవాలేదు, మామిడిపండుకు? ఇంతలో మోటారు బస్సులు, లారీలు వచ్చినాయి. ఇంటి ముందర ఎక్కించుకొని, మండీ ముందర దించేవి. రైలు నష్టంలో పడింది. 1936లో తిరుపత్తూరు-కృష్ణగిరి రైలు ఆపేసినారు. 1941లో, యుద్ధం నడుస్తా ఉండగా, మొరప్పూరు-హోసూరు రైలు కూడా ఆపేసి పట్టాలు పీకేసినారు.

హోసూరుకు, ధర్మపురికి అదృష్టం తిరిగొచ్చింది. 1960ల చివరలో సేలం-బెంగళూరు మీటరుగేజి లైను వచ్చింది, 1990లలో అది బ్రాడ్‌గేజి అయింది. మొరప్పూరు-ధర్మపురి ముక్కకు కూడా 2019లో శంకుస్థాపన జరిగింది. కృష్ణగిరికి మాత్రం లేదు. 2004లో జిల్లా అయింది, కలెక్టరాఫీసు వచ్చింది, జాతీయ రహదారులు వచ్చి కలిసినాయి, మామిడి గుజ్జు విదేశాలకు పోతా ఉంది. రైలు స్టేషను లేదు. జోలార్‌పేట, తిరుపత్తూరు, కృష్ణగిరి, హోసూరు అని సర్వేలు మీద సర్వేలు. ప్రతి ఎన్నికల్లో మాట ఇచ్చేవాళ్ళున్నారు. నేను ఏ పార్టీనీ అనడం లేదు. రైల్వేలో చాకిరీ చేసినోడిగా ఒక్కటి చెప్పగలను: రైలు మనకు కొత్తగా ఇవ్వమని అడగడం వేరు, ఉండినదాన్ని తిరిగి ఇవ్వమని అడగడం వేరు. అర్జీలో మనం మొదటిది రాస్తా ఉన్నాము. రెండోది రాయాల. రాయడానికి చేతిలో ఆధారం కావాల. గెజిటీర్లు, కంపెనీ రిపోర్టులు ఉన్నాయి, అవి అధికారుల మాట. మన ఊరి మనిషి ఆ రైలెక్కినాడని చెప్పే ఒక్క అట్టముక్క, కృష్ణగిరి అని అచ్చయినది, నేను ఈరోజు వరకు కంటితో చూడలేదు. అయ్యవారూ చూడలేదు. నా ఆల్బంలో మొదటి పేజీలో దానికోసం ఒక అర ఖాళీగా పెట్టివుంచినాను.

అందుకే ఆ తిరుపత్తూరు టికెట్టు చూసి నోరు పెగల్లేదు. మన కృష్ణగిరి మనిషి చిన్న రైలు దిగి పెద్ద రైలెక్కే కౌంటరు అదే. ఇంతవరకు మాకు దొరికినవాటిలో కృష్ణగిరికి అతి దగ్గరగా వచ్చిన అట్ట అది. అయ్యవారి ఇంటి అరుగు మీదనే మార్పిడి జరిగింది. నా కుప్పం టికెట్టు ఆయన చేతికి, ఆయన తిరుపత్తూరు నా చేతికి. పంచ్ రంధ్రం, విరిగిన మూల, ఏ లెక్కా చూడలేదు. ఆయన ఆ టికెట్టును ఆల్బంలో పెట్టలేదు, వాళ్ళ నాయన ఫొటో చట్రంలో అద్దం కింద దోపినాడు. ఇంక అది మార్పిడికి రాదు. నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు దాని వత్తు గుర్తొస్తుంది, పోయినప్పుడల్లా ఒకసారి గోడవైపు చూస్తాను. ఆయన చూడనట్టు ఉంటాడు.

ఇంక మీతో పని. 1905 నుంచి 1936 వరకు అంటే మన తాతలు, అవ్వల కాలం. ఆ రైలెక్కిన చేతులు మన ఇళ్ళవే. కాలు నొప్పనో, కబురు వచ్చిందనో, సంత ముగిసిందనో, పెళ్ళి తప్పిందనో, ఎక్కకుండా తిరిగి వచ్చినోళ్ళు కొందరు ఉండే ఉంటారు. వాళ్ళ టికెట్టు ఎక్కడో ఉంటుంది. పాత పంచాంగాల మధ్య, భూమి పత్రాల ట్రంకులో, రామాయణం పుస్తకంలో గుర్తుకు పెట్టిన అట్టగా, ఆకువక్క సంచి అడుగున. భోగికి ఇల్లు శుభ్రం చేసి మంటలో వేసే ముందర ఒక్కసారి విదిలించి చూడండి. రెండుంపావు అంగుళాల పొడవు, మందంగా ఉంటుంది. మీద ఇంగ్లీషులో ఎం.ఆర్. అనో, ఎస్.ఐ.ఆర్. అనో అక్షరాలు, ఒక నంబరు కనపడతాయి. తేదీ అచ్చు మాదిరి కాకుండా గుంట పడి ఉంటుంది, వెలుతురులో పక్కకు వంచి చూడాల. దొరికితే తుడవొద్దు, తడపొద్దు, దయచేసి లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు అంటించొద్దు. రెండు పక్కలా ఫొటో తీసి, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి, గ్రూపులో పెట్టండి.

ఇవ్వమని అడగను, మీ ఇంటిది మీ ఇంట్లోనే ఉండనీండి. ఫొటో చాలు, అర్జీకి జత చేయడానికి. మార్చుకోవాలనుకుంటే మాత్రం, నా దగ్గర రెండేసి ఉండేవి నలభైకి పైన ఉన్నాయి, ఏది కావాలన్నా తీసుకోవచ్చు, ఎన్ని కావాలన్నా. కెనడా మనవడికి కూడా ఒకటి తీసిపెట్టినాను, 0000 నంబరు ప్లాట్‌ఫారం టికెట్టు. వాడు బదులుగా ఏ హాకీ అట్ట పంపుతాడో అడిగి చెప్పండి. గ్రెట్స్కీ అక్కర్లేదు.

ఈ నెల రెండో ఆదివారం నేను కుప్పం పోతాను. అంతలోపల ఎవరైనా ఫొటో పెడితే అయ్యవారికి కూడా చూపిస్తాను. ఆయన కంటికి ఈమధ్యే ఆపరేషన్ అయింది, భూతద్దం లేకుండా చదువుతా ఉన్నాడు.